గేటు ముందు కాంక్రీట్ ఎందుకు పగులుతుంది, వాన నీరు లోపలికి ఎందుకొస్తుంది

క్లుప్తంగా: ఇంటి ముందు ర్యాంపు, పార్కింగ్ స్లాబ్, ఆనుకుని ఉండే ఫుట్‌పాత్, రోడ్డు అంచున నిలబెట్టే కర్బ్ రాయి తొందరగా పాడవుతుంటే చాలామంది సిమెంట్‌నే అనుమానిస్తారు. హైదరాబాద్ కాలనీల్లో అసలు లోపం ఎక్కువసార్లు నీటి దారిలో, నేల గట్టిదనంలో బయటపడుతోంది. రోడ్డు లెవెల్ ఏటికేడు పెరగడం, నీళ్లెక్కువైన మాలు, జాయింట్లు లేని పోత దానికి తోడవుతున్నాయి. ఈ కారణాలు ఒకదాన్నొకటి ఎలా పెంచుతున్నాయో, పనిలో ఏది ముందు ఏది తర్వాత చూసుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

వానాకాలంలో రెండు మూడు గట్టి వానలు పడితే చాలు, నగరంలోని కాలనీల్లో ఒకే రకం ఫిర్యాదులు మొదలవుతాయి. కిందటేడు వేయించిన ర్యాంపు మధ్యలో అడ్డంగా చీలింది. గేటు పక్కన స్లాబ్ మూల కుంగింది. రోడ్డు మీది నీళ్లు గేటు దాటి పార్కింగ్‌లోకి వచ్చి, అక్కడి నుంచి తాగునీటి సంపులోకి దిగాయి. మేస్త్రీ సిమెంట్ మీద తోస్తాడు, ఇంటివారు మేస్త్రీ మీద, ఇద్దరూ కలిసి మునిసిపాలిటీ మీద. ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ఇంటి స్లాబ్, ఫుట్‌పాత్, కర్బ్, మోరీ, రోడ్డు ఒకే నీటి దారిలోని మలుపులు. వాటిని వేర్వేరు మనుషులు, వేర్వేరు ఏళ్లలో, ఒకరి లెవెల్ ఒకరు చూసుకోకుండా కడుతున్నారు. చిక్కంతా అక్కడే మొదలవుతోంది.

రోడ్డు పైకి, ఇల్లు కిందికి

కాలనీ రోడ్డు పాడైతే దాన్ని తవ్వి తీసేసి పాత లెవెల్‌లోనే కొత్తది వేయాలి. ఖర్చు, సమయం కలిసొస్తాయని చాలాచోట్ల పాతదాని మీదే కొత్త పొర వేస్తారు. తారు రోడ్డయితే ప్రతిసారీ రెండంగుళాలదాకా, సీసీ రోడ్డయితే ఒకేసారి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు లేస్తుంది. తారును మిల్లింగ్ యంత్రంతో చెక్కి తీయడం సులువు. సీసీని పగలగొట్టి ఎత్తిపోయాలి, అందుకే ఎవరూ ముందుకు రారు. రెండు మూడు విడతల సీసీ తర్వాత, ఒకప్పుడు రోడ్డు కంటే అడుగున్నర ఎత్తున ఉన్న గడప రోడ్డుతో సమానమవుతుంది.

ఇది తెలిసిన కొత్త ఇంటివారు ముందు జాగ్రత్తగా పార్కింగ్ లెవెల్‌ను రెండడుగులు పైకి ఎత్తుతారు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. వాహనాల ర్యాంపుకు 1:8 వాలు ఉండాలి, అంటే అడుగు ఎత్తుకు ఎనిమిదడుగుల పొడవు. రెండడుగుల ఎత్తుకు పదహారు అడుగులు కావాలి. రెండొందల గజాల స్థలంలో ఇంటి ముందు అంత ఖాళీ దొరకదు. దాంతో ర్యాంపు గేటు దాటి ఫుట్‌పాత్ మీదికి, కొన్నిచోట్ల రోడ్డు మీదికి కూడా వస్తుంది. వచ్చి పక్క మోరీని మూసేస్తుంది. మోరీలో పోవాల్సిన నీరు రోడ్డు మీద నిలుస్తుంది. నీరు నిలిచిన రోడ్డు తొందరగా పాడవుతుంది, దాని మీద ఇంకో పొర పడుతుంది, లెవెల్ ఇంకా పెరుగుతుంది.

ర్యాంపు కింద పైపు వేశాం కదా అనే సమాధానం తరచూ వినిపిస్తుంది. అడుగు వెడల్పు, అడుగు లోతున్న మోరీ అడ్డుకోత, అంటే నీరు పోయే వైశాల్యం, 144 చదరపు అంగుళాలు. ఆరంగుళాల పైపు కోత 28 చదరపు అంగుళాలే, నాలుగంగుళాల పైపుదైతే పన్నెండున్నర. అంటే నీటి దారి ఐదో వంతుకో పదకొండో వంతుకో కుదించుకుపోతుంది. ఒక పాలిథిన్ కవరు, నాలుగు ఎండు కొమ్మలు అడ్డుపడితే అదీ ఉండదు. పైగా ఆ పైపును తెరిచి శుభ్రం చేసే వీలు లేదు. మోరీ మీద ఎత్తి తీయగలిగే ఆర్సీసీ మూత పలకలో, వాహనాల బరువు మోసే ఇనుప జాలీయో వేస్తే మోరీ కోత తగ్గదు, పూడిక తీసే దారీ ఉంటుంది. ఇరవై ఇళ్ల వీధిలో ఒక్క ఇంటి పైపు పూడుకుపోయినా ఎగువనున్న ఇళ్లన్నింటి ముందూ నీరు నిలుస్తుంది కనుక, ఇది ఒక ఇంటికి సంబంధించిన నిర్ణయం కాదు.

ఒక గంట వాన, ఒక ఇల్లు

హైదరాబాద్ వానను సగటుతో కొలిస్తే పొరపాటు. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లే అయినా అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబర్ మధ్య, అదీ కొన్ని గంటల్లోనే దంచికొడుతుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబర్ 13న 19 సెంటీమీటర్లు కురిసింది. అంత వాన సంగతి పక్కన పెట్టి, గంటకు 50 మిల్లీమీటర్ల వానే తీసుకుందాం. 200 గజాల స్థలం అంటే 167 చదరపు మీటర్లు. దాని మీద ఆ గంటలో పడే నీరు 8,350 లీటర్లు. స్థలమంతా స్లాబ్, సిమెంట్ అయితే అందులో తొంభై శాతం దాకా బయటికి పారుతుంది. అంటే దాదాపు 7,500 లీటర్లు, పెద్ద ఇంటికి వచ్చే నీటి ట్యాంకర్ కంటే ఎక్కువ. అలాంటి ఇరవై ఇళ్లుంటే ఆ వీధి మోరీ మీద గంటలో లక్షన్నర లీటర్లు పడతాయి. ఇదే స్థలంలో మట్టి, గడ్డి ఉన్నప్పుడు చాలా భాగం నేలలోకే ఇంకేది.

ఈ నీటిని డ్రైనేజీ చాంబర్‌లోకి కలిపేయడం కాలనీల్లో మామూలైపోయింది. ఇక్కడొక తేడా గుర్తించాలి. ఇళ్ల మురుగును తీసుకెళ్లే లైను జలమండలి చూసేది, వాన నీటి కోసం వేసిన మోరీలు, నాలాలు మునిసిపల్ వ్యవస్థవి. మురుగు పైపు సైజు ఇళ్ల వాడకం లెక్కన నిర్ణయించింది, వాన లెక్కన కాదు. వీధిలోని ఇళ్లన్నీ వాన నీటిని దానిలోకి వదిలితే మ్యాన్‌హోల్ మూతలు లేస్తాయి. లోతట్టు ఇంటి బాత్‌రూం జాలీలోంచి మురుగు పైకి తంతుంది. వానలో మ్యాన్‌హోల్ మూతలు తెరవొద్దని జలమండలి ఏటా హెచ్చరించేది మనుషులు పడిపోతారన్న భయంతోనే.

కాబట్టి పని మొదలుపెట్టే ముందు నీరు చివరికి ఎక్కడ చేరుతుందో చూసుకోవాలి. పక్క మోరీ ఉంటే దాని అడుగు లెవెల్ ఎంత? పార్కింగ్ స్లాబ్ దానికంటే ఎత్తులో ఉంటుందా? ట్యూబ్ లెవెల్ (నీళ్లు నింపిన పారదర్శక గొట్టం) పట్టుకుని అరగంటలో తేల్చగల సంగతి ఇది. మోరీ లేకపోతే ఇంకుడు గుంత. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నుంచీ వాన నీటిని ఇంకించడం చట్టపరమైన బాధ్యత. అయితే పార్కింగ్ నీటిలో మట్టి, ఇంజిన్ ఆయిల్ ఉంటాయి. గుంతకు ముందు పూడిక పట్టే చిన్న తొట్టి లేకపోతే రెండు వానాకాలాల్లో గుంత రంధ్రాలు మూసుకుపోతాయి. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు కొద్ది లోతులోనే రాయి తగిలే స్థలాల్లో ఇంకడం నెమ్మదిగా సాగుతుంది. అక్కడ గుంత నిండాక పొంగే నీటికి కూడా ఒక దారి పెట్టాలి.

స్లాబ్ వాటం పది అడుగులకు రెండున్నర అంగుళాలు ఉంటే సరిపోతుంది, అంటే దాదాపు 1:50. అందులో సగం పెట్టినా నీరు పారుతుంది కానీ చేతిపనిలో వచ్చే చిన్న చిన్న పల్లాల్లో నిలుస్తుంది. వాటం ఎప్పుడూ గోడ నుంచి దూరంగా ఉండాలి. గేటు గీత వెంట అడ్డంగా జాలీ కాలువ వేస్తే లోపలి నీరు ఫుట్‌పాత్ మీద పారదు, బయటి నీరు లోపలికి రాదు. సెల్లార్ ఉన్న అపార్ట్‌మెంట్లలో ఇంకో జాగ్రత్త ఉంది. ర్యాంపు నేరుగా రోడ్డు నుంచి కిందికి దిగకూడదు. ముందు రోడ్డు కంటే కాస్త పైకి ఎక్కి, ఆ గట్టు దాటాక దిగాలి. ఆ గట్టు లేని సెల్లార్‌కు రోడ్డే కాలువ అవుతుంది, ఆ తర్వాత ఎంత పెద్ద మోటారు పెట్టినా తోడడం తప్పదు.

స్లాబ్ కింద ఏముంది

ఖర్చు పెట్టిన వారికి కనిపించేది పై నాలుగంగుళాలు మాత్రమే. స్లాబ్ ఆయుష్షు మాత్రం కింది అడుగు మందంలో ఉంటుంది.

నేల మీద పరిచిన కాంక్రీట్ పలక బరువును తనంతట తాను మోయదు, విస్తరించి నేలకు పంచుతుంది. కింద ఎక్కడైనా బోలు ఏర్పడితే ఆ భాగం గాల్లో వేలాడుతుంది. కారు చక్రం దాని మీదికి రాగానే పలక కిందికి వంగుతుంది. నొక్కుడు బలాన్ని తట్టుకున్నంతగా కాంక్రీట్ వంపును తట్టుకోలేదు, చీలుతుంది. చీలికలోంచి నీరు దిగుతుంది. తర్వాత చక్రం వచ్చినప్పుడల్లా ఆ నీరు ఒత్తిడికి పక్కలకు చిమ్ముతూ సన్న మట్టిని వెంట తీసుకుపోతుంది. వాన తగ్గాక స్లాబ్ జాయింట్ దగ్గర ఎర్రటి బురద చార కనిపిస్తే ఇదే జరుగుతోందని అర్థం. బోలు పెరుగుతుంది, చివరికి మూల విరిగి కుంగుతుంది. ముందు మూలలే పోవడానికి కారణం, అక్కడ పలకకు రెండు వైపుల ఆసరా లేకపోవడం.

నగరంలో నేల ఒక్క తీరుగా లేదు. గ్రానైట్ శిథిలమై ఏర్పడిన ఎర్రమట్టి, మొరం ఉన్నచోట పని సులువు. పటాన్‌చెరు వైపు ఎర్రనేల, నల్లరేగడి రెండూ కనిపిస్తాయి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా వేసిన స్లాబ్ వానాకాలంలో పైకి లేచి, వేసవిలో కిందికి దిగుతుంది. అక్కడ కనీసం అడుగున్నర నుంచి రెండడుగుల మట్టి తీసేసి మొరం నింపాలి. స్లాబ్ అంచుల్లో నీరు ఇంకకుండా చూడాలి, ఇంకుడు గుంతను దూరంగా జరపాలి.

నేల రకం కంటే ఎక్కువగా దెబ్బతీసేది పూడ్చిన గుంతలు. పునాది తీసినప్పుడు పక్కన పోసిన మట్టి, డ్రైనేజీ పైపు కోసం తవ్విన కందకం, నల్లా కనెక్షన్ కోసం తీసిన గాడి, అన్నింటినీ పారతో తోసి పైన నీళ్లు కొట్టి వదిలేస్తారు. పైకి గట్టిగా కనిపించే ఆ మట్టి రెండు వానాకాలాల పాటు దిగుతూనే ఉంటుంది. చాలా ర్యాంపుల మీది పగులు సరిగ్గా కింది పైపు గీత వెంటే రావడం ఇందుకే. ఆరంగుళాల పొరలుగా పోసి, ఒక్కో పొరను తడిపి దిమ్మిసతోనో ప్లేట్ కంపాక్టర్‌తోనో కొట్టాలి. దాని మీద నాలుగు నుంచి ఆరంగుళాల కంకర, క్రషర్ డస్ట్ కలిపి గట్టిపరచాలి. రోజుకు అద్దెకు దొరికే ఈ యంత్రానికి అయ్యే ఖర్చు స్లాబ్ మొత్తం ఖర్చులో చాలా చిన్న భాగం. అయినా అంచనా తగ్గించమంటే మొదట కొట్టేసేది దాన్నే.

ట్యాంకర్, సంపు

నాలుగంగుళాల స్లాబ్ కార్లకు చాలు. వేసవిలో ట్యాంకర్ లోపలికొచ్చే ఇళ్లకు, అపార్ట్‌మెంట్లకు చాలదు. 5,000 లీటర్ల నీరే ఐదు టన్నులు, బండి బరువు వేరు. వంపును తట్టుకునే శక్తి మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నాలుగు అంగుళాలను ఐదు చేస్తే కాంక్రీట్ పాతిక శాతం పెరుగుతుంది, బలం యాభై ఆరు శాతం పెరుగుతుంది. ఆరంగుళాలు చేస్తే బలం రెండింతలు దాటుతుంది. ఇనుము వేసి మందం తగ్గిద్దామనే సలహా ఇక్కడ పనికిరాదు. జాలీ ఇనుము పగులును ఆపదు, వచ్చిన పగులు నోరు తెరవకుండా పట్టి ఉంచుతుంది. అదీ స్లాబ్ మధ్యలోనో కాస్త పైకో కవర్ బ్లాకుల (ఇనుమును నేల నుంచి ఎత్తి ఉంచే చిన్న దిమ్మెల) మీద నిలబడితేనే. నేల మీద పడేసి పైన కాంక్రీట్ పోస్తే అది ఉన్నా లేనట్టే.

హైదరాబాద్ ఇళ్లలో సంపు చాలావరకు పార్కింగ్ కిందే ఉంటుంది. సంపు పైకప్పు నేల మీద ఆనే పలక కాదు, గోడ నుంచి గోడకు మోసే ఆర్సీసీ స్లాబ్. దాని లెక్క వేరు, దాని మీదికి ట్యాంకర్ ఎక్కించడం ప్రమాదం. చుట్టూ ఉన్న పార్కింగ్ స్లాబ్‌ను సంపు గోడకు కలపకుండా జాయింట్ వదలాలి, లేకపోతే చుట్టూ మట్టి దిగినప్పుడు సంపు అంచు వెంట పగులు వస్తుంది. మూత చుట్టూ రెండు మూడు అంగుళాల గట్టు, మూత నుంచి బయటికి వాటం తప్పనిసరి. కారు సాఫీగా పోవాలని మూతను స్లాబ్‌తో సమం చేసిన ఇళ్లలో వాన నీరు, చక్రాల మట్టి తాగునీటిలో కలుస్తాయి.

మాలులో నీళ్లు, మీద ఎండ

సిమెంట్, ఇసుక, కంకర 1:2:4 పాళ్లు మేస్త్రీలకు నోటికి వచ్చిన లెక్క. దాని బలం సుమారు ఎం-15 గ్రేడు. ఈ అంకె పెరిగేకొద్దీ కాంక్రీట్ బలం ఎక్కువ. వాహనాలు తిరిగే చోట కనీసం 1:1.5:3, అంటే ఎం-20 కావాలి. ట్యాంకర్లు వచ్చేచోట రెడీమిక్స్ ఎం-25 మంచిది. పాళ్ల కంటే కూడా నీళ్ల దగ్గరే పని చెడుతోంది. కాంక్రీట్ పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఎం-20కి 50 కిలోల సిమెంట్ బస్తాకు గరిష్ఠంగా 30 లీటర్లు, పదిహేను లీటర్ల బకెట్‌తో రెండు. ఇసుక తడిగా ఉంటే అంతకంటే తక్కువే పోయాలి. సిమెంట్ గట్టిపడే క్రమంలో ఆ బస్తాతో రసాయనికంగా కలిసేది సుమారు 12 లీటర్లే. మిగిలింది మాలు పరుచుకోవడానికి. అది ఆవిరయ్యాక సన్నటి రంధ్రాలు మిగులుతాయి. పని తేలిగ్గా సాగాలని ఇంకో బకెట్ పోస్తే ఆ రంధ్రాలు ఎక్కువై బలం పడిపోతుంది, ఎండేటప్పుడు కుంచింపు పెరుగుతుంది. రాయిని నలిపి చేసే రోబో శాండ్‌తో మాలు కాస్త మొరటుగా కనిపిస్తుంది కనుక ఆ ఇంకో బకెట్ మీద మోజు ఎక్కువవుతుంది. కాలనీ రోడ్లకు వీడీసీసీ పద్ధతిలో యంత్రంతో పై నీటిని పీల్చి తీసేది ఈ అదనపు నీటి బెడద వదిలించుకోవడానికే.

పైకి తేలిన నీటిని ఆర్చడానికి పొడి సిమెంట్ చల్లి తాపీతో నునుపు చేయడం ఇంకో అలవాటు. ఆ రోజు అద్దంలా మెరుస్తుంది. కొన్ని నెలలకు పై పొర సాలెగూడులా సన్నగా చిట్లి, పొడిపొడిగా రాలుతుంది. పైగా వానలో జారుతుంది. తేలిన నీరు దానంతటదే ఆరేదాకా ఆగి, చీపురుతో అడ్డంగా గీతలు గీయడం ర్యాంపుకు సరైన ముగింపు.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటి, గాలి కూడా తోడైతే, పోసిన కాంక్రీట్ పైనుంచి చదరపు మీటరుకు గంటకు లీటరుకు పైగా నీరు ఆవిరయ్యే ప్రమాదముంది. అప్పుడు గట్టిపడకముందే పైన పగుళ్లు వస్తాయి. తెల్లవారుజామునో పొద్దుగూకాకో పోసుకోవాలి. ఆ తర్వాత క్యూరింగ్. ఎండాకాలంలో కనీసం పది రోజులు, పీపీసీ వంటి మిశ్రమ సిమెంట్లయితే పద్నాలుగు రోజులదాకా తడి ఆరకూడదు. మిద్దె స్లాబ్ మీద మడులు కట్టి నీళ్లు నిలుపుతారు. ర్యాంపు వాలులో నీరు నిలవదు, అందుకే దాని క్యూరింగ్ ఎప్పుడూ వెనకబడుతుంది. గోనె సంచులు పరిచి తడుపుతూ, వాటి మీద పాలిథిన్ షీటు కప్పడం మంచి మార్గం. వారం వరకు కారు, నాలుగు వారాల వరకు ట్యాంకర్ ఎక్కించకూడదు. కారు బయట పెట్టడానికి చోటు లేక మూడో రోజే లోపలికి తెచ్చిన ఇళ్లు తక్కువేం కాదు.

పగులు ఎక్కడ రావాలో ముందే నిర్ణయించడం

కాంక్రీట్ ఎండుతూ కుంచించుకుంటుంది. ఐఎస్ 456 సూచించిన విలువతో చూస్తే పది మీటర్ల పొడవుకు సుమారు మూడు మిల్లీమీటర్లు. గ్రానైట్ కంకరతో పోసిన స్లాబ్ 30 డిగ్రీల వేడి తేడాకు ఇంకో రెండున్నర మిల్లీమీటర్ల దాకా కదులుతుంది. ఆ కదలికకు చోటివ్వకపోతే అదే చోటు చేసుకుంటుంది. అందుకే పోసిన మర్నాటికల్లా, ఎండాకాలంలో అదే రోజు, మందంలో నాలుగో వంతు లోతు గాట్లు కోస్తారు, జాయింట్లంటే ఇవే. నాలుగంగుళాల స్లాబ్‌కు ఎనిమిది నుంచి పది అడుగులకొక గాటు, గళ్లు వీలైనంత చతురస్రంగా ఉండాలి. పగులు ఆ గాటు కిందే, కంటికి కనిపించకుండా వస్తుంది. గోడ, స్తంభం, సంపు, చాంబర్ కలిసే ప్రతిచోటా అరంగుళం థర్మాకోల్ షీటు పెట్టి విడదీయాలి. అందంగా ఒకే పలకలా ఉండాలని గాట్లు వద్దనే ఇంటివారికి వచ్చే ఏడాది వంకర పగులు తప్పదు.

కర్బ్, ఫుట్‌పాత్

కర్బ్ రాయి అలంకారం కాదు, రోడ్డు పక్కన పారే నీటికి గట్టు. ఆరంగుళాల కర్బ్ ముందు రెండు విడతల తారు పడితే రెండంగుళాలే మిగులుతుంది. మోరీలోకి నీరు దిగే కంతలు కూడా సగం మూసుకుంటాయి. అప్పుడు నీరు కర్బ్ ఎక్కి ఫుట్‌పాత్ మీద పారుతుంది. కర్బ్ పక్కకు ఒరగడానికి కారణం మాత్రం వేరు. రాయిని పలచటి మాలు మీద నిలబెట్టి, వెనక మట్టి తోస్తారు. కింద నాలుగంగుళాల కాంక్రీట్ పరుపు, వెనకవైపు సగం ఎత్తు వరకు కాంక్రీట్ ఆనింపు ఉంటే చక్రం రాసుకున్నా కదలదు.

ఫుట్‌పాత్‌కు నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు, ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 103 చెబుతుంది. ప్రతి గేటు దగ్గరా ఫుట్‌పాత్ పల్లం దిగి మళ్లీ ఎక్కుతుంటే ముసలివారు, చక్రాల కుర్చీలో వెళ్లేవారు రోడ్డు మీదే నడవాలి. ఫుట్‌పాత్‌ను ఒకే లెవెల్‌లో కొనసాగించి, వాహనం ఎక్కే చిన్న వాలును కర్బ్ అంచులోనే ముగించి, మిగతా ఎత్తును గేటు లోపల సర్దుకోవడం సరైన పద్ధతి. వాహనం దాటే ఆ భాగంలో ఫుట్‌పాత్ స్లాబ్‌ను ఆరంగుళాలు చేయాలి.

బండలు, పేవర్లు

పాత ఇళ్ల షాబాద్ బండల వాకిళ్లకు ఒక సుగుణముంది. కుంగిన బండను లేపి ఇసుక సర్ది మళ్లీ పరచవచ్చు. ఇంటర్‌లాక్ పేవర్లదీ అదే సౌకర్యం. నల్లా పైపో కేబులో మళ్లీ తవ్వాల్సి వచ్చే చోట, నల్లరేగడిలో కాంక్రీట్ కంటే ఇవే నయం. సందుల్లో కొంత నీరు ఇంకుతుంది కూడా. అయితే అంచు బిగువుగా కట్టకపోతే పేవర్లు పక్కలకు జరుగుతాయి. నిటారు ర్యాంపు మీద, ట్యాంకర్ మలుపు తిరిగే చోట కాంక్రీటే నిలుస్తుంది.

ఉన్నదాన్ని ఏం చేయాలి

సన్నటి, కదలిక లేని పగులైతే నీరు దిగకుండా సీలెంట్ నింపితే చాలు. పగులుకు రెండు వైపుల లెవెల్ తేడా వస్తే, కర్రతో కొడితే బోలు మోత వస్తే, కింద మట్టి పోయినట్టే. పైన రెండంగుళాల మాలు పూసి దాచితే ఒక్క వానాకాలం కూడా ఆగదు. ఆ గడిని జాయింట్ దాకా కోసి తీసి, నేల గట్టిపరిచి, మళ్లీ పోయాలి. రోడ్డు కంటే కిందికి పోయిన పాత ఇళ్లకు గేటు దగ్గర మూడు నాలుగంగుళాల దిమ్మె, దాని వెనక జాలీ కాలువ, మోరీకి వాటం అందకపోతే చిన్న తొట్టి, దానిలో నీరు పెరగగానే దానంతటదే నడిచే ఫ్లోట్ స్విచ్ మోటారు అన్నవే అందుబాటులో ఉన్న ఉపాయాలు. కాలనీలో కొత్త రోడ్డు మంజూరైందని తెలిసినప్పుడు, పని మొదలయ్యేలోపే, పాత రోడ్డు తవ్వి తీశాకే వేయాలని, మోరీ అడుగు లెవెల్, గడపల లెవెల్ చూసి రోడ్డు ఎత్తు నిర్ణయించాలని సంఘం తరఫున రాతపూర్వకంగా అడగాలి. కాంక్రీట్ పడ్డాక లెవెల్ మార్చే అవకాశం ఉండదు.